పరుగు తెలియని మేడ

బహుళ విదియ

మేడలో పొద్దున్నే మొదటి గుక్క నాది. తొట్టి అడుగున ఉన్న గొట్టం కింద దోసిలి పట్టి, తాగి చూసి, బాగుంటే "పట్టుకోండర్రా" అని కేకెయ్యాలి. ఆ తరవాతే బిందెలు కదులుతాయి. నాచు కాపరి ఉద్యోగానికి ఉన్న గౌరవమంతా ఆ ఒక్క కేకలోనే ఉంది.

ఇవాళ గుక్క మింగగానే తెలిసింది. ఉప్పు. నిన్నటికంటే ఎక్కువ. కాసేపు గోడవైపు తిరిగి నిలబడి, తరవాత మామూలుగానే కేకేశాను. వేరే నీళ్ళు ఎక్కడున్నాయి గనక.

పైనుంచి సముద్రపు నీళ్ళు పోస్తే నాచు ఉప్పంతా తినేసి కిందికి మంచినీళ్ళు వదులుతుంది. మా అత్త చేతినుంచి నా చేతికి వచ్చిన నాచు ఇది. నేను కాపరినయ్యేనాటికి తొట్టిలో చెయ్యి పెడితే మోచేతిదాకా పచ్చగా అంటుకునేది. కిందటి నెలలో అడుగున తెల్ల మచ్చ కనబడింది. ఇప్పుడు సగం తొట్టి ఉడికిన చేప కన్నులా అయింది.

మేడ పెద్ద గున్నమ్మ వచ్చి తొంగి చూసింది. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఉండే ఇత్తడి పళ్ళెం ఇవాళ చంకలో ఉంది.

"రత్నం, దచ్చినం మేడకెల్లి తోడు తెచ్చుకోవాల. ఇంకేటి దారి నేదు."

పూర్వం పాలూ పెరుగూ ఉన్న కాలంలో తోడు కోసం గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళేవారట. మాదీ అంతే. కాకపోతే పక్కిల్లు అడుసుకి అవతల ఉంది.

"ఎవర్ని పంపుదాం?" అన్నాను, తెలిసే.

"ఎవర్నేటి? కాపరి సేతిలోంచి కాపరి సేతిలోకే. మద్దిన ఇంకో సెయ్యి పడకూడదు."

ఒకప్పుడు మధ్యలో ఎవరో నాచు దాచుకుని అమ్ముకుంటే ఒక మేడకి మేడే ఎండిపోయిందట. అప్పటినుంచి ఆ కట్టు. అత్త తోడుకి వెళ్ళిన రోజుల్లో ఎగిరే బండ్లు ఉండేవి. ఆకాశాన్ని ఇనుప దుమ్ము కమ్మేశాక అవన్నీ రాలిపోయాయి. వాటి రెక్కలు మాకు తలుపులయ్యాయి, పీటలయ్యాయి. పడవ వేద్దామంటే పోటులో కూడా నీరు మోకాలి లోతే, గెడ వేస్తే అడుసు గెడనే మింగేస్తుంది. మిగిలింది జారుపలక.

"ఈలోపల ఎవులితోటీ అనకు," అంది గున్నమ్మ. "మన తొట్టి సెడ్డాదని అవతలోళ్ళకి ముందే తెలిస్తే లోకువైపోతాం. తోడు తెచ్చే గుడ్డ నడుముకి కట్టుకుని ఆళ్ళ గుమ్మంలో నిలబడినప్పుడే తెలియాల."

అదీ మా కట్టే. మేడ పరువు నీళ్ళలో ఉంటుంది.

బహుళ తదియ

నాకు గురువు మా మరిది ఎల్లాజీ. మేడకి మిగిలిన ఆఖరి జారుడువాడు. కిందటి గాలివానలో మోకాలు విరిగి, అతికినా వంగడం మానేసింది. మిగతా ఇద్దరినీ ఆ గాలివానే తీసుకుపోయింది. ఎల్లాజీని ఇద్దరు పట్టుకుని దించితే కింది మెట్టు మీద కూర్చుని, కాలు ముందుకి చాపుకుని, రాజులా అడుసుని చూశాడు.

తన పలకే నాకిచ్చాడు. బండి రెక్కలోంచి కోసినది, అరిగి అరిగి నున్నగా ఉంది, అప్పడంలా పలచన. దాన్ని చంకలో పెట్టుకుని, పలచటి నీటి తెర మీద వేసి ఎక్కబోయాను.

"ఆగు వొదినా. పలక తరవాత. ముందు ఆ గట్టుదాకా పరుగెట్టు."

వెళ్ళాను. తిరిగి వచ్చాను. ఎల్లాజీ నవ్వి నవ్వి మెట్టు పట్టుకున్నాడు.

"అది పరుగేటి? పెళ్ళికూతురు పీటలమీదకి ఎల్తున్నట్టున్నాది!"

కోపం వచ్చింది, కానీ అతని మాట నిజమే. నాకు పరుగు రాదు. మా మేడలో ఎవరికీ రాదు. స్తంభాలు తుప్పు పట్టాయి, పరుగు తగిలితే మేడ వణుకుతుంది. పిల్ల ఎవరైనా రెండడుగులు గబగబా వేస్తే గున్నమ్మ పళ్ళెం మోగుతుంది, ఆ పూట ఆ పిల్లకి కూడు ఉండదు. వేలు ముందు, మడమ తరవాత, చప్పుడు లేకుండా నడవడం మాకు ఉగ్గుతోనే పట్టిస్తారు. జారుడువాళ్ళని మాత్రం చిన్నప్పుడే కిందికి దించి వేరేగా పెంచుతారు. నలభై దాటిన ఆడదాన్ని నేను, జీవితంలో మొదటిసారి పరిగెత్తడానికి ప్రయత్నించి, ఉత్త నేలమీద బోర్లా పడ్డాను.

బహుళ పంచమి

పరుగు ఒక మాదిరిగా వచ్చింది. పలక రాలేదు.

పని చెబితే ఇంతే. అల వెనక్కి పోయేటప్పుడు నేల మీద ఒక పలచటి తెర మిగులుతుంది. పరిగెడుతూ పలకని ఆ తెర మీద చదునుగా జారవిడవాలి, అది పోతూ ఉండగానే ఎక్కాలి, మోకాళ్ళు వంచి ఊరుకోవాలి. నీరు ఎక్కువైతే పలక బరువెక్కి ఆగుతుంది. తక్కువైతే నేల పలకని కొరుకుతుంది. కొరికినప్పుడు చప్‌మని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినేసరికి నేను గాలిలో ఉంటున్నాను.

"దూకకు! మెట్టెక్కినట్టు ఎక్కు!" అని ఎల్లాజీ అరుస్తాడు. "కాళ్ళకేసి సూడకు! కాళ్ళు ఎక్కడికీ పోవు! ఎల్లాల్సిన కాడకి సూడు!"

మరీ ఎక్కువగా వినిపించేది ఇంకొకటి. "ఎడమ కాలు ఆలీసం, వొదినా!" నా కుడి కాలు పలక ఎక్కుతుంది. ఎడమది మేడలో పుట్టి పెరిగిన కాలు, అది ఇంకా వేలితో నేలని తడుముతూ ఉంటుంది. ఈలోగా పలక నన్ను వదిలేసి తన దారిన తాను పోతుంది.

మోచేతులు చీరుకుపోయాయి. ఇద్దరు మెట్లెక్కిస్తుంటే ఎల్లాజీ చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. ఎందుకని అడిగితే పాదాలకి పట్టడం లేదన్నాడు. వేలితో నొక్కి చూశాను. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది.

ఉప్పునీళ్ళు ముందు అతన్నే పట్టుకున్నాయి. నాకు చాలా భయం వేసింది. అతను మాత్రం, "లావయ్యాననుకో, సంబంధాలు సూడు," అన్నాడు.

బహుళ అష్టమి

అష్టమికి నీరు బద్ధకిస్తుంది. అల మా గట్టు దగ్గరికి కూడా రావడం లేదు. తెర లేదు, సాధన లేదు. అమావాస్యకి పెద్ద పోటు వచ్చి పోయాక అడుసంతా ఒకేసారి తెర పరుచుకుంటుంది, తిన్నెనుంచి తిన్నెకి దక్షిణం మేడదాకా. అదే నా రోజు. అప్పటిదాకా ఖాళీగా కూర్చోవడం నావల్ల కాలేదు.

మేడలో నడవా పొడుగ్గా ఉంది. ఎవరూ లేనప్పుడు ఆ చివరనుంచి ఈ చివరికి పరిగెత్తాను. గోడనున్న గరిటెలు గలగలమన్నాయి. వెంటనే పళ్ళెం మోగింది. గున్నమ్మ గుమ్మంలో నిలబడి, ముఖం ఎర్రగా చేసుకుని, నేనింకా పరిగెడుతున్నట్టే కొడుతూనే ఉంది.

"మేడ కూలిపోతే నీ నీళ్ళు ఎవులికి పోస్తావు?"

ఆ పూట నాకు కూడు పెట్టలేదు. కాపరినని కూడా చూడలేదు.

ఎల్లాజీ చాపమీద నేలకి చెవి ఆనించి పడుకుని ఉన్నాడు. అతని మొహం కూడా ఉబ్బింది, కళ్ళు చిన్నవైపోయాయి. "ఇన్నాను," అన్నాడు గుసగుసగా. "బాగున్నాది. ఎడమ కాలే ఇంకా."

బహుళ ద్వాదశి

ఇవాళ జారాను.

ఎలా జరిగిందో చెప్పలేను. పలక విడిచాను, ఎక్కాను, ఎడమ కాలు వచ్చేసింది. కింద నేల పోతోంది, నేను ఏమీ చెయ్యడం లేదు. చప్పుడే లేదు. గట్టు దగ్గరికి వచ్చి, నా అంతట నేను దిగాను. దిగాక గట్టిగా నవ్వేశాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది, మేడలో అంత గట్టిగా నవ్వం.

వెనక్కి తిరిగి చూస్తే ఎల్లాజీ మెట్టు మీద లేడు. ఇవాళ అతన్ని దించలేదని అప్పుడు గుర్తొచ్చింది. పైన కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది.

చతుర్దశి

తొట్టిలో పచ్చదనం చేటంత మిగిలింది. పిల్లలకి నీళ్ళు తాగినకొద్దీ దాహం వేస్తోంది. ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు. అంటే బాగుండును.

కాపరి గుడ్డని తొట్టిలో తడిపాను. తోడు అడగడానికి పొడి గుడ్డతో వెళ్ళకూడదు, సొంత తొట్టి నీళ్ళలో తడిపే వెళ్ళాలి. పోయేటప్పుడు ముడి కుడివైపు, తెచ్చేటప్పుడు ఎడమవైపు. అత్త ఇలాగే చెప్పింది, ఎందుకో చెప్పలేదు.

ఎల్లాజీ దారి చెప్పాడు. తిన్నెల మీద గట్టి ఇసుక, నడవొచ్చు. తిన్నెకీ తిన్నెకీ మధ్య మెత్తటి అడుసు, అక్కడ ఆగితే నడుందాకా దిగిపోతారు. "మద్దిన ఆగకు. ఎనక్కి సూడకు. సేరగానే ఆళ్ళ మేడమీద నీ గుడ్డ ఎగరెయ్యమను. నాను సూత్తాను." మాటకీ మాటకీ మధ్య రొప్పుతున్నాడు.

"నేను వచ్చేదాకా ఉండు," అన్నాను.

"ఎక్కడికెల్తాను, ఈ కాలితోటి?"

అమావాస్య

పోటు నీరు వెనక్కి తీయడం మొదలవగానే బయల్దేరాను. మొదటి మూడు తిన్నెలూ బాగానే దాటాను. నాలుగో అడుసు మధ్యలో పలక ఊగింది, కాళ్ళవైపు చూడబోయి ఆపుకున్నాను.

నడిమి తిన్నె పెద్దది. దాన్ని చేరుతుండగా అవతలి పక్కనుంచి ఒక మనిషి జారుకుంటూ వస్తున్నాడు. ముసలాయన. పొట్టకి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. దక్షిణం మేడ కాపరి! మా సంగతి ఎలాగో తెలిసింది, అడగకుండానే తోడు తెస్తున్నారు అనుకున్నాను. ఏడుపొచ్చేసింది. చెయ్యి ఊపాను. ఆయన కూడా రెండు చేతులూ ఊపాడు, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఆయనా నాలాగే కొత్తగా నేర్చినవాడని దిగడం చూస్తే తెలిసింది, మోకాళ్ళమీద పడి లేచాడు.

ఇద్దరం తిన్నె మీద ఎదురుగా నడిచాం. దగ్గరికి వచ్చాక ఆయన చూపు నా నడుం మీద పడింది. నా చూపు ఆయన నడుం మీద పడింది.

ఇద్దరి ముడీ కుడివైపే ఉంది.

ఆయన నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు మొహంమీదే ఉండి, తరవాత పోయింది. ఇసుకలో కూలబడ్డాడు. నేనూ కూర్చున్నాను.

"నా పేరు కొర్లయ్య, తల్లీ. మీది ఎప్పటినుండి?"

"కిందటి నెల నుంచి, పెద్దయ్యా."

"మాది మొన్న పున్నమికి మొదలైనాది. బేగి తెల్లబడిపోనాది." వేళ్ళతో ఇసుకలో గీతలు గీశాడు. "అంటే నీది సెడ్డనాటికి మాది పచ్చగున్నాది."

అవును. కిందటి నెల మేడమీద ఒక గుడ్డ ఊపి మా తొట్టి చెడింది అని చెప్పి ఉంటే, నిండు తొట్టిలోంచి తోడు వచ్చేది. మాది చెడిందని తెలిస్తే వాళ్ళూ జాగ్రత్తపడేవారు. మేం పరువు కాపాడుకున్నాం. వాళ్ళూ కాపాడుకున్నారు. నాకు గున్నమ్మ మీద, అత్త మీద, ఉప్పు మింగి మామూలుగా కేకేసిన నా మీద పట్టలేని కోపం వచ్చింది.

"మా మేడలోనూ పరుగు నేదు," అన్నాడు కొర్లయ్య, పంచె పైకి తీసి చెక్కుకుపోయిన మోకాళ్ళు చూపిస్తూ. "నా కోడలు నేర్పినాది. ముసలోడికి ఇదేం సరదా అని ఎగతాళి సేసినారు." నా మోచేతులు చూపించాను. ఇద్దరం కొంచెం నవ్వుకున్నాం.

తరవాత ఆయన ముందుకి వంగాడు. "మీది ఏ పక్కనుండి తెల్లబడినాది?"

"అడుగునుంచి."

"మాది పైనుండి. అయితే రోగం ఒకటి కాదేమో. నీ నాచుకి పట్టింది నా నాచుకి పట్టదేమో." నడుం ముడి విప్పుతున్నాడు. "తడిపే తెచ్చావు గదా?"

తడిపే తెచ్చాను. ఆయనా తడిపే తెచ్చాడు. గుడ్డలు మార్చుకున్నాం, కాపరి చేతిలోంచి కాపరి చేతిలోకి. ఆయన గుడ్డ మడతలో గోరంత పచ్చ కనబడింది. నా దానిలోనూ అంతే ఉంటుంది. ఇద్దరం ముడి ఎడమవైపు వేసుకున్నాం.

తెర పలచబడుతోంది. ఆయనవైపు అడుసు నాదానికంటే వెడల్పు. "ముందు నువ్వెళ్ళు పెద్దయ్యా, దాటేదాకా చూస్తాను," అన్నాను.

"సూస్తూ కూకుంటే నీ తెర ఎండిపోద్ది. బేగి ఎల్లు, తల్లీ."

ఇద్దరం వీపులు తిప్పుకుని పరిగెత్తాం. నేను జారుతూ ఉండగా వెనకనుంచి ఆ చప్పుడు వినిపించింది. చప్. నేల పలకని కొరికిన చప్పుడు. నాకంటే బాగా ఆ చప్పుడు ఎవరికి తెలుసు. నేను అడుసు మధ్యలో ఉన్నాను. వెనక్కి చూడలేదు.

తిన్నె చేరాక చూశాను. దూరంగా నీటి మెరుపులో ఏమీ ఆనలేదు. వెనక్కి వెళ్ళాలనిపించింది. తెర ఆరిపోతోంది, పొట్టకి గుడ్డ చల్లగా తగులుతోంది. పెద్దయ్యా అని అరిచాను. చాలాసేపు అరిచాను. తరవాత ముందుకే వచ్చాను.

శుద్ధ పాడ్యమి

నిన్న నేను మెట్లెక్కుతుంటే ముడి ఎడమవైపు చూసి మేడంతా ఏడ్చింది. జరిగింది చెప్పాను. గుడ్డని తొట్టిలో పిండి, మేడమీద ఎగరేశాం, నేను చేరానని కొర్లయ్యకి తెలియాలని.

ఇవాళ పొద్దున్నుంచి దక్షిణం వైపే చూస్తున్నాను. దుమ్ము పలచగానే ఉంది. వాళ్ళ మేడ కనబడుతోంది. మేడమీద గుడ్డ లేదు.

శుద్ధ చవితి

ఇవాళా లేదు. ఇక ఉండదు.

తొట్టిలో తెల్లటి నాచు మీద పచ్చ చుక్క అతుక్కుంది. నిన్నటికంటే పెరిగింది. ఆయన గుడ్డ బతికింది. నాది ఆయన నడుంతోపాటు అడుసులో ఉంది.

ఎల్లాజీ పొద్దున్న పోయాడు. మొదటి గుక్కలో ఉప్పు కొంచెం తగ్గినట్టనిపించి, ఆ నీళ్ళే చెంచాతో పట్టాను. మింగలేదు, పెదవులు తడుపుకున్నాడు. "తీపిగున్నాదా?" అని అడిగాడు. ఉంది అన్నాను. లేదు. అంత తొందరగా ఎలా ఉంటుంది.

శుద్ధ సప్తమి

పచ్చ అరచెయ్యంత అయింది. మళ్ళీ పెద్ద పోటు వచ్చే పున్నమికి గుడ్డలో పెట్టేంత ఉంటుంది. దక్షిణం మేడకి తీసుకెళ్తానని గున్నమ్మతో చెప్పాను.

"ఆళ్ళు అడగనేదు గదా."

"అడగడానికి వాళ్ళ కాపరి లేడు."

"మరి ఎవులి సేతిలో పెడతావు?"

"ముందు ఎవరు చెయ్యి చాపితే వాళ్ళ చేతిలో. ఇవాళే మేడమీద గుడ్డ ఊపుదాం. మా తొట్టి చెడింది, మీదీ చెడింది, తోడు ఉంది, వస్తున్నాం అని తెలియాలి."

ఆవిడ లేచి, తన పాత చీర తానే తీసి ఇచ్చింది, ఊపడానికి.

కొర్లయ్య దాటలేకపోయిన వెడల్పు నేను దాటాలి. ఇప్పుడున్న పరుగు చాలదు. అష్టమి దగ్గర పడింది, కింద తెర లేదు. నడవా ఆ చివరికి వెళ్ళి నిలబడ్డాను. గున్నమ్మ ఈ చివర పీటమీద కూర్చుంది. పళ్ళెం ఒళ్ళో ఉంది. దాన్ని ఒకసారి చూసి, బోర్లా తిప్పి పెట్టుకుంది.

పరిగెత్తాను. గరిటెలు గలగలమన్నాయి, బిందెలు ఒకదాన్నొకటి రాసుకున్నాయి, మేడంతా వణికింది. జనం గుమ్మాల్లోకి వచ్చి గోడలు పట్టుకుని నిలబడ్డారు. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. ఎవరూ ఆపలేదు. ఎల్లాజీ చాప ఉండే చోటు దాటుతుంటే కాలు తడబడింది.

"ఎడమ కాలు ఆలీసం, రత్నం," అంది గున్నమ్మ. "మల్లీ పరుగెట్టు."